అమెరికా కళాశాలల్లో ఫ్రెంచ్ చదువు

అమెరికా సంయుక్త రాష్ట్రాల కళాశాలల్లో ఫ్రెంచ్ భాష, సాహిత్యం, సంస్కృతుల బోధనకు సుమారు మూడు వందల ఏళ్ల చరిత్ర ఉంది. మొదట్లో అది విద్యార్థులు విడిగా డబ్బు కట్టి నేర్చుకునే విద్య. 19వ శతాబ్దిలో పాఠ్యక్రమంలోకి వచ్చింది. 1960ల నాటికి దేశంలోని ఉన్నత విద్యాసంస్థల్లో ఎక్కువమంది చదివే విదేశీ భాష అయింది. 1968లో సుమారు 3,88,000 మంది ఫ్రెంచ్ తరగతుల్లో ఉండగా, 2021 నాటికి ఆ సంఖ్య సుమారు 1,35,000కు దిగింది.

ఈ ఎదుగుదల, తరుగుదల రెండూ చాలావరకు తరగతి గది బయట జరిగినవాటి ఫలితాలే. స్వాతంత్ర్య పోరాటంలో ఫ్రాన్సుతో కుదిరిన పొత్తు, రెండు ప్రపంచ యుద్ధాలు, సోవియట్ ఉపగ్రహం, పారిస్ నుంచి వచ్చిన కొత్త తత్త్వచింతన ఒక్కొక్కటీ ఈ శాఖను కొంతకాలం ముందుకు తోశాయి. లోపలి సమస్య మాత్రం మొదటినుంచీ ఒక్కటే. భాష నేర్పేవారు వేరు, సాహిత్యం చెప్పేవారు వేరు అన్న విభజన 1819 ప్రాంతంలో హార్వర్డ్‌లో మొదలై నేటికీ పూర్తిగా పోలేదు. ఫ్రెంచ్ శాఖల చరిత్రను ఈ విభజన పక్కన పెట్టి చెప్పలేం.

పాఠ్యక్రమం గడప బయట

1636లో ఏర్పడిన హార్వర్డ్ కళాశాల ప్రధానంగా మతబోధకులను తయారుచేయడానికి పుట్టింది. అక్కడ లాటిన్, గ్రీకు, హీబ్రూ చదివితేనే చదువు. ఫ్రెంచ్‌ను నాట్యం, కత్తిసాము పక్కన, పెద్దింటి పిల్లలకు మర్యాద నేర్పే విద్యగా లెక్కగట్టారు. పైగా న్యూ ఇంగ్లండ్ ప్యూరిటన్ల దృష్టిలో అది కాథలిక్కుల భాష. 1730లలో హార్వర్డ్ విద్యార్థులకు ఫ్రెంచ్ చెప్పడానికి లాంగ్లోజరీ అనే వ్యక్తికి అనుమతి ఇచ్చారు గానీ, అతని మతవిశ్వాసాలు ప్రమాదకరమని త్వరలోనే తప్పించారు.

1778లో ఫ్రాన్సుతో సంధి కుదరడంతో పరిస్థితి మారింది. ఫ్రెంచ్ సైనికాధికారులు, దౌత్యవేత్తలు అమెరికా పట్టణాల్లో కనిపించసాగారు. మరుసటి ఏడాది వర్జీనియా గవర్నరుగా ఉన్న థామస్ జెఫర్సన్ తాను చదువుకున్న విలియం అండ్ మేరీ కళాశాల పాఠ్యక్రమాన్ని సంస్కరించినప్పుడు ఆధునిక భాషలకు ఒక ఆచార్య పదవి పుట్టింది. ఇటలీ నుంచి వచ్చిన చార్లెస్ బెల్లీనీ ఆ పదవిలో చేరాడు. 1782లో ఆల్బర్ట్ గాలటిన్ అనే జెనీవా యువకుడు హార్వర్డ్‌లో ఫ్రెంచ్ చెప్పి పొట్టపోసుకున్నాడు. తర్వాతి కాలంలో ఆయన అమెరికా ఆర్థికమంత్రి అయ్యాడు. 1787 నుంచి హార్వర్డ్‌లో ఫ్రెంచ్ చెప్పిన జోసెఫ్ నాంక్రేద్ 1792లో తన విద్యార్థుల కోసం ఫ్రెంచ్ గద్యభాగాల సంకలనం ఒకటి బోస్టన్‌లో అచ్చువేయించాడు. వ్యాకరణ సూత్రాలు వల్లెవేయించడంతో ఆగకుండా చదవడానికి మంచి రచనలు చేతికిచ్చిన తొలి అధ్యాపకుల్లో ఆయనను చెప్పుకోవాలి.

ఫ్రెంచ్ విప్లవం తర్వాత మళ్లీ అనుమానాలు రేగాయి. 1795లో యేల్ అధ్యక్షుడైన టిమొతీ డ్వైట్ ఫ్రెంచ్ తాత్త్వికుల నాస్తికత్వానికి వ్యతిరేకంగా ఏళ్లతరబడి ప్రసంగించాడు. వోల్టేర్‌ను చదివితే కుర్రవాళ్లు చెడిపోతారన్న భయం చాలా కళాశాలల్లో ఉండేది.

టిక్నర్, లాంగ్‌ఫెలో

బోస్టన్ వర్తకుడు ఎబియల్ స్మిత్ రాసిన వీలునామా వల్ల హార్వర్డ్‌లో ఫ్రెంచ్, స్పానిష్ భాషాసాహిత్యాలకు ఆచార్యపీఠం ఏర్పడింది. దాన్ని మొదట అలంకరించినవాడు జార్జ్ టిక్నర్. జర్మనీలోని గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో చదివి, యూరప్ తిరిగి, 1819లో బాధ్యతలు చేపట్టాడు. భాష నేర్పే పనిని ఆయా దేశాల నుంచి వచ్చిన శిక్షకులకు అప్పగించి, తాను సాహిత్యచరిత్ర మీద ఉపన్యాసాలు ఇచ్చే పద్ధతి పెట్టాడు. విద్యార్థులను వారి స్థాయిని బట్టి వర్గాలుగా విడదీయాలని పట్టుబట్టి, తన శాఖలో అమలు చేసి చూపించాడు. ఆ కాలానికి ఇది గొప్ప సంస్కరణ. అయితే ఉపన్యాసం ఇచ్చే ఆచార్యుడికి గౌరవం, క్రియారూపాలు నేర్పే శిక్షకుడికి చిన్న జీతం అన్న ఏర్పాటు కూడా దీనితోనే స్థిరపడింది.

టిక్నర్ 1835లో తప్పుకున్నాక ఆ పీఠం కవి హెన్రీ వాడ్స్‌వర్త్ లాంగ్‌ఫెలోకు దక్కింది. అంతకుముందు ఆయన మేన్ రాష్ట్రంలోని బోడిన్ కళాశాలలో పాఠాలు చెప్పాడు. సరైన పాఠ్యపుస్తకం దొరక్క, లోమోన్ రాసిన ఫ్రెంచ్ వ్యాకరణాన్ని తానే ఇంగ్లీషులోకి మార్చి 1830లో ప్రచురించాడు. హార్వర్డ్‌లో విదేశీ శిక్షకుల మీద అజమాయిషీ, శిక్షకుడు లేనప్పుడు ఆ తరగతులు తానే తీసుకోవడం ఆయనకు భారమయ్యాయి. కవిత్వానికి తీరిక దొరకడం లేదన్న బాధ ఆయన ఉత్తరాల్లోనూ దినచర్యలోనూ కనిపిస్తుంది. 1854లో రాజీనామా చేశాక జేమ్స్ రసెల్ లోవెల్ ఆ స్థానంలోకి వచ్చాడు. అమెరికాలో పేరున్న ఇద్దరు కవులు ఒకరి వెంట ఒకరు ఆ పీఠం మీద కూర్చోవడం వల్ల ఆధునిక భాషలకు సమాజంలో గౌరవం పెరిగింది.

పాఠ్యక్రమంలో పెద్దపీట మాత్రం ఇంకా ప్రాచీన భాషలదే. 1828లో యేల్ ఆచార్యులు విడుదల చేసిన నివేదిక, మేధస్సుకు కసరత్తు కావాలంటే లాటిన్, గ్రీకులే దిక్కని గట్టిగా వాదించింది. ఫ్రెంచ్ తేలికని, కాలక్షేపానికి పనికొచ్చేదని పేరు పడింది. ఆ పేరు తుడుచుకోవడానికి ఫ్రెంచ్ అధ్యాపకులు తమ భాషను కూడా లాటిన్ మాదిరిగానే బోధించారు. సూత్రం కంఠస్థం చేయడం, వాక్యం వాక్యంగా అనువదించడం, తప్పులు దిద్దించుకోవడం, అంతే. నోరు విప్పి మాట్లాడటం వెనకబడింది. గౌరవం కోసం చెల్లించిన ఆ మూల్యం చాలా తరాల విద్యార్థుల మీద పడింది.

అదే కాలంలో ఆడపిల్లల పాఠశాలల్లో, ఆ తర్వాత మహిళా కళాశాలల్లో ఫ్రెంచ్‌కు మొదటినుంచీ మంచి స్థానం ఉండేది. వాసర్, స్మిత్, వెల్స్లీ వంటి కళాశాలలు దాన్ని అలంకారంగా వదిలేయకుండా గంభీరమైన చదువుగా తీర్చాయి. స్త్రీలకు ఆచార్య పదవులు దొరకడమే అరుదైన రోజుల్లో ఫ్రెంచ్ శాఖలు కొందరికైనా ఆ తలుపు తెరిచాయి.

భాషాశాస్త్రం నుంచి పాఠ వివరణ దాకా

1876లో బాల్టిమోర్‌లో మొదలైన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం జర్మన్ పరిశోధనా పద్ధతిని దిగుమతి చేసుకుంది. అక్కడి రొమాన్స్ భాషల ఆచార్యుడు మార్షల్ ఎలియట్ పూనికతో 1883లో న్యూయార్క్‌లో దాదాపు నలభై మంది అధ్యాపకులు కలిసి ఆధునిక భాషా సంఘాన్ని స్థాపించారు. నేడు భాషాసాహిత్యాల అధ్యాపకులకు ప్రపంచంలోనే అతి పెద్ద సంఘాల్లో అది ఒకటి. ఫ్రెంచ్‌లో పీహెచ్‌డీ అంటే అప్పట్లో మధ్యయుగపు రాతప్రతులు, ధ్వనుల పరిణామం, మాండలికాలు. రోలాఁ వీరగాథను మోల్యేర్ నాటకాల కన్నా ఎక్కువ శ్రద్ధగా చదివారు. లాటిన్ పండితుల ముందు తలెత్తుకుని నిలబడటానికి ఈ కష్టమైన శాస్త్రం ఉపయోగపడింది.

సజీవమైన ఫ్రాన్స్ కూడా మెల్లగా తరగతుల్లోకి వచ్చింది. విమర్శకుడు బ్రూనెత్యేర్ 1897లో అమెరికా వచ్చి జాన్స్ హాప్కిన్స్‌లో ఉపన్యాసాలిచ్చాడు. సాహిత్య చరిత్రకారుడు గుస్తావ్ లాన్సోన్ 1911లో కొలంబియా విశ్వవిద్యాలయానికి అతిథి ఆచార్యుడిగా వచ్చి, ఆ అనుభవం మీద మరుసటి ఏడాది ఒక పుస్తకం రాశాడు. ఒక చిన్న పద్యమో గద్యఖండమో తీసుకుని పదం పదం, చరణం చరణం విప్పి చూపే ఫ్రెంచ్ పాఠశాలల పద్ధతి ఇలాంటి రాకపోకల వల్ల అమెరికాలో వేళ్లూనుకుంది. మన పండితులు ప్రబంధ పద్యానికి ప్రతిపదార్థ తాత్పర్యాలు చెప్పి అలంకారం చూపించే తీరు ఎరిగిన తెలుగు పాఠకుడికి ఇది కొత్తగా తోచదు.

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగగానే జర్మన్ భాష చదువు ఒక్కసారిగా కూలిపోయింది. ఆ విద్యార్థుల్లో ఎక్కువమంది ఫ్రెంచ్, స్పానిష్ వైపు మళ్లారు. వెర్మాంట్‌లోని మిడిల్‌బరీ కళాశాల 1916లో వేసవి ఫ్రెంచ్ పాఠశాల ప్రారంభించింది. అక్కడున్నన్నాళ్లూ నేర్చుకునే భాష తప్ప వేరే భాష మాట్లాడనని విద్యార్థులు మాటివ్వడం ఆ పాఠశాల ప్రత్యేకత. అది నేటికీ సాగుతోంది.

యుద్ధానంతరం పుట్టిన పెద్ద ఆలోచన విదేశీ సంవత్సరం. డెలవేర్ విశ్వవిద్యాలయంలో ఫ్రెంచ్ చెప్పే రేమండ్ కర్క్‌బ్రైడ్ ఫ్రాన్సులో యుద్ధం చేసి వచ్చినవాడు. డిగ్రీ మూడో ఏడాదిని ఫ్రాన్సులో చదివితే ఆ మార్కులు అమెరికాలో చెల్లాలన్నది ఆయన ప్రతిపాదన. 1923 జూలైలో ఎనిమిది మంది విద్యార్థులతో ఓడ ఎక్కాడు. వాళ్లు మొదట నాన్సీలో భాష సానబెట్టుకుని, తర్వాత పారిస్‌లో సోర్బోన్ తరగతులకు హాజరయ్యారు. 1925లో స్మిత్ కళాశాల 32 మంది యువతులను పంపింది. తర్వాతి దశాబ్దాల్లో ఈ దారిన వెళ్లినవారిలో 1949లో స్మిత్ బృందంతో వెళ్లిన జాక్వెలిన్ బూవియే ఒకరు. ఆమె తర్వాత జాన్ కెనడీ భార్య అయింది. 1963లో బ్రాండైస్ విద్యార్థినిగా వెళ్లిన, తర్వాత నల్లజాతి ఉద్యమకారిణిగా పేరుపొందిన ఆంజెలా డేవిస్ ఇంకొకరు. ఫ్రాన్సులోని బియారిట్జ్‌లో ఉండగానే, అలబామాలోని తన సొంత ఊరు బర్మింగ్‌హామ్‌లో చర్చి వద్ద బాంబు పేల్చి నలుగురు నల్లజాతి ఆడపిల్లలను చంపిన వార్త ఆమెకు పత్రికలో కనిపించింది.

అన్నా జూలియా కూపర్, మెర్సర్ కుక్

ఈ విషయం మీద వచ్చే సాధారణ చరిత్రలు హార్వర్డ్, యేల్, కొలంబియాల చుట్టూనే తిరుగుతాయి. నల్లజాతి అధ్యాపకులు చేసిన పని వాటిలో అంచుకు నెట్టబడింది. నిజానికి ఫ్రెంచ్ అంటే ఒక్క పారిస్ కాదని అమెరికా కళాశాలలకు చాలా ముందుగా చెప్పింది వాళ్లే.

అన్నా జూలియా కూపర్ ఉత్తర కరోలినాలో బానిసగా పుట్టింది. ఓబర్లిన్ కళాశాలలో డిగ్రీ చేసి, వాషింగ్టన్‌లో నల్లజాతి పిల్లల ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయినిగా, ప్రధానోపాధ్యాయినిగా పనిచేసింది. యాభై దాటాక కొలంబియాలో పరిశోధన మొదలుపెట్టింది. ఉద్యోగం వల్లా, దగ్గరి బంధువుల పిల్లల పెంపకం మీద పడటం వల్లా న్యూయార్క్‌లో నివాసముండాలన్న నిబంధన పాటించలేక సోర్బోన్‌కు మారింది. షార్లమేన్ యాత్ర గురించిన పాత ఫ్రెంచ్ కావ్యాన్ని ఆధునిక ఫ్రెంచ్‌లోకి తెచ్చింది. ఫ్రెంచ్ విప్లవకాలంలో బానిసత్వం పట్ల ఫ్రాన్స్ వైఖరి మీద సిద్ధాంతగ్రంథం రాసి 1925లో డాక్టరేట్ పొందింది. అప్పటికి ఆమె అరవై దాటింది. స్వేచ్ఛ, సమానత్వం అని చాటిన విప్లవం కరీబియన్ తోటల్లోని బానిసల విషయంలో ఎందుకు తటపటాయించిందన్న ఆమె ప్రశ్నను ఫ్రెంచ్ శాఖలు పాఠ్యాంశంగా తీసుకోవడానికి మరో యాభై ఏళ్లకు పైగా పట్టింది.

మెర్సర్ కుక్ వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఫ్రెంచ్ ఆచార్యుడు. ఫ్రెంచ్ సాహిత్యంలో నల్లవారి చిత్రణ కనిపించే భాగాలను ఏరి 1934లో విద్యార్థుల కోసం సంకలనం చేశాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో హైతీలో పనిచేశాడు. హైతీ రచయిత జాక్ రూమేన్ నవలను కవి లాంగ్‌స్టన్ హ్యూస్‌తో కలిసి అనువదించాడు. 1960లలో నైజర్‌కు, ఆ తర్వాత సెనెగల్‌కు అమెరికా రాయబారిగా వెళ్లాడు. అప్పట్లో సెనెగల్ అధ్యక్షుడు ఫ్రెంచ్‌లో రాసే కవి సెంఘోర్. ఆ కవి గద్యాన్ని కూడా కుక్ ఇంగ్లీషులోకి తెచ్చాడు.

యుద్ధం, స్పుత్నిక్

1929లో షికాగో ఆచార్యుడు ఆల్జర్నన్ కోల్‌మన్ ఒక నివేదిక రాశాడు. ఎక్కువమంది విద్యార్థులు రెండేళ్లే భాష చదువుతారు గనుక, ఆ కొద్ది సమయంలో సాధ్యమయ్యేది చదివి అర్థం చేసుకోవడమేనని, మాట్లాడించే ప్రయత్నం మానుకోమని అది సూచించింది. రెండో ప్రపంచయుద్ధం ఈ వాదాన్ని తిరగేసింది. 1943లో సైన్యం కళాశాలల్లో పెట్టిన ప్రత్యేక శిక్షణలో సైనికులు చిన్న బృందాలుగా రోజుకు గంటలకొద్దీ మాట్లాడుతూ నేర్చుకున్నారు. యుద్ధం ముగిశాక ఆ పద్ధతే టేపు రికార్డర్లతో, భాషా ప్రయోగశాలలతో కళాశాలల్లో స్థిరపడింది.

నాజీల నుంచి తప్పించుకుని వచ్చిన పండితులు 1942లో న్యూయార్క్‌లో ఫ్రెంచ్‌లో బోధించే ఉన్నత విద్యాసంస్థ నెలకొల్పారు. మానవశాస్త్రవేత్త లెవీ స్ట్రాస్, భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ అక్కడ కలుసుకోవడం వల్ల ఆధునిక మానవశాస్త్రమే మలుపు తిరిగింది. 1946లో ఆల్బేర్ కామూ కొలంబియాలో ప్రసంగించాడు. 1947లో సిమోన్ ద బోవ్వార్ కళాశాల నుంచి కళాశాలకు తిరిగి ఉపన్యసించింది. యేల్‌లో ఆన్రీ పేర్ నడిపిన శాఖ మూడు దశాబ్దాల పాటు దేశమంతటికీ ఆచార్యులను తయారుచేసింది. 1948లో అక్కడ మొదలైన ‘యేల్ ఫ్రెంచ్ స్టడీస్’ పత్రిక తొలి సంచిక అస్తిత్వవాదం మీద వచ్చింది.

1957లో సోవియట్లు స్పుత్నిక్‌ను ప్రయోగించారు. మరుసటి ఏడాది వచ్చిన జాతీయ రక్షణ విద్యాచట్టం విజ్ఞానశాస్త్రాలతో పాటు విదేశీ భాషలకూ డబ్బు గుమ్మరించింది. ఫ్రెంచ్ లాభపడింది గానీ ఆ చట్టం ఫలం దానికే పరిమితం కాలేదు. ఆసియా భాషలకు కేంద్రాలు వెలిశాయి. వెల్చేరు నారాయణరావు దశాబ్దాల పాటు తెలుగు బోధించిన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు దక్షిణాసియా విభాగం కూడా ఆ కొత్త వాతావరణంలో ఎదిగినదే.

పారిస్ నుంచి వచ్చిన సిద్ధాంతాలు

1966 అక్టోబరులో జాన్స్ హాప్కిన్స్‌లో ఒక సదస్సు జరిగింది. రోలాండ్ బార్త్, జాక్ లకాన్ వంటి పెద్దలతో పాటు అప్పటికి అమెరికాలో పేరు తెలియని తత్త్వవేత్త జాక్ డెరిడా కూడా వచ్చాడు. భాషను, సంస్కృతిని పరస్పర సంబంధాల వ్యవస్థగా చూసే నిర్మాణవాదాన్ని అమెరికాకు పరిచయం చేద్దామని పిలిస్తే, ఆయన తన పత్రంలో దాని పునాదినే ప్రశ్నించాడు. 1976లో గాయత్రీ చక్రవర్తి స్పివాక్ ఇంగ్లీషులోకి తెచ్చిన ఆయన గ్రంథం, దానికి ఆమె రాసిన సుదీర్ఘమైన ముందుమాట ఒక తరం మీద ముద్రవేశాయి. కలకత్తాలో చదువుకుని వచ్చిన యువతి చేతిమీదుగా ఆ ఆలోచన ఇంగ్లీషు ప్రపంచానికి చేరింది.

1970, 80 దశకాల్లో ఫ్రెంచ్ శాఖలకు ఎన్నడూ లేని ప్రతిష్ఠ వచ్చింది. ఇంగ్లీషు, న్యాయం, వాస్తుశిల్పం శాఖల వాళ్లు కూడా డెరిడాను, ఫూకోను ఉదహరించారు. అదే కాలంలో కింది తరగతులు ఖాళీ అవుతున్నాయి. 1960ల చివర చాలా కళాశాలలు విదేశీభాష తప్పనిసరి అన్న నిబంధన తీసేశాయి. 1970 నాటికి స్పానిష్ ఫ్రెంచ్‌ను దాటింది. పైగా సిద్ధాంతగ్రంథాలు అనువాదంలో దొరుకుతుంటే వాటి కోసం ఫ్రెంచ్ నేర్చుకోవలసిన అవసరం తగ్గింది. శాఖ పేరు ఆకాశంలో ఉన్న రోజుల్లోనే దాని పునాది కరిగిందని చెప్పడం అన్యాయం కాదు.

సంస్కృతి అధ్యయనం వేరే దారిలో వచ్చింది. హావర్‌ఫర్డ్ కళాశాల ఫ్రెంచ్ అధ్యాపకుడు లారెన్స్ వైలీ 1950లో భార్యాపిల్లలతో దక్షిణ ఫ్రాన్సులోని రూసియోన్ గ్రామానికి వెళ్లి ఏడాది కాపురం పెట్టాడు. పిల్లల్ని అక్కడి బడిలో వేశాడు, ఊరివాళ్ల ఫోటోలు తీశాడు, వాళ్ల పంటలు, అప్పులు, పిల్లల పెంపకం, తగాదాలు రాసుకున్నాడు. 1957లో అచ్చయిన ఆ పుస్తకం ఫ్రెంచ్ విద్యార్థులకు ఇప్పటికీ మంచి ఆరంభం. నాగరికత అంటే రాజప్రాసాదాలు, చిత్రకారులు అన్న పాత బోధనను మార్చి, మనుషులు ఎలా బతుకుతున్నారో అడగడం అది నేర్పింది. 1959లో హార్వర్డ్ ఆయనకు ఫ్రెంచ్ నాగరికత ఆచార్య పదవి ఇచ్చింది. 1987లో యేల్ అధ్యాపకుడు పియేర్ కప్రెట్జ్ తయారుచేసిన 52 భాగాల టెలివిజన్ పాఠం ఇంగ్లీషు సాయం లేకుండా ఒక కథ ద్వారా భాష నేర్పింది. భాషను, జీవితాన్ని కలిపి చూపిన ఇలాంటి ప్రయత్నాలు కొన్నే.

కూపర్, కుక్ తెరిచిన దారి 1980ల తర్వాత రాజమార్గమైంది. మార్టినిక్ రచయిత ఎడ్వార్ గ్లిసాన్ లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయంలోనూ, తర్వాత న్యూయార్క్‌లోనూ బోధించాడు. అల్జీరియా నవలాకారిణి అసియా జెబార్ కూడా లూసియానా మీదుగానే న్యూయార్క్ చేరింది. గ్వాడలూప్‌కు చెందిన మరీజ్ కోండే కొలంబియాలో ఫ్రెంచ్, ఫ్రాంకోఫోన్ అధ్యయన కేంద్రాన్ని నడిపింది. చాలా శాఖలు పేర్లలో ‘ఫ్రాంకోఫోన్’ (ఫ్రాన్స్ బయట కూడా ఫ్రెంచ్ వాడే ప్రపంచానికి చెందిన) అన్న మాట చేర్చుకున్నాయి. ఆఫ్రికా, కరీబియన్, క్యుబెక్, వియత్నాం రచనలు పాఠ్యక్రమంలో చోటుచేసుకున్నాయి.

నేటి స్థితి

ఇప్పుడు ఫ్రెంచ్ మేజర్ తీసుకున్న విద్యార్థి మొదటి రెండేళ్లు భాష, ఆపై రచనాభ్యాసం, సాహిత్య పరిచయం, సినిమా, సమాజం మీద కోర్సులు చేస్తాడు. మూడో ఏట ఒక సెమిస్టరైనా విదేశంలో గడపడం మామూలు. పెద్ద విశ్వవిద్యాలయాల్లో తొలి తరగతులు చెప్పేది ఎక్కువగా పరిశోధక విద్యార్థులు, ఒప్పంద అధ్యాపకులు. శాశ్వత ఆచార్యులు పై తరగతుల్లో ఉంటారు. 2007లో ఆధునిక భాషా సంఘం స్వయంగా వేసిన కమిటీ ఈ రెండంతస్తుల అమరికను తప్పుపట్టింది. మొదటి రోజు నుంచే భాషను, సంస్కృతిని, సాహిత్యాన్ని కలిపి బోధించాలని, పాలనలో భాషాధ్యాపకులకూ మాట ఉండాలని కోరింది. టిక్నర్ వేసిన గోడకు వృత్తిసంఘం నుంచి వచ్చిన అతి స్పష్టమైన జవాబు అదే. అమలు మాత్రం అక్కడక్కడే జరిగింది.

2010లో న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఆల్బనీ శాఖ ఫ్రెంచ్ డిగ్రీని నిలిపివేస్తున్నట్లు ప్రకటించినప్పుడు నిరసన దేశం దాటింది. 2023లో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం ప్రపంచ భాషల డిగ్రీలన్నీ ఎత్తేసింది. 2016 నుంచి 2021 లోపు దేశవ్యాప్తంగా ఫ్రెంచ్ నమోదు 23 శాతం తగ్గింది. స్పానిష్ తర్వాత రెండో స్థానం మాత్రం ఇంకా దానిదే.

లూసియానా సంగతి వేరు. అక్కడ ఫ్రెంచ్ పరదేశి భాష కాదు. 1921 నాటి రాష్ట్ర రాజ్యాంగం బడుల్లో ఇంగ్లీషు తప్ప వేరే భాషలో బోధించకూడదన్నాక, ఇంట్లో ఫ్రెంచ్ మాట్లాడే పిల్లలు బడిలో శిక్షలు తిన్నారు. 1968లో రాష్ట్రం తన తీరు మార్చుకుని ఆ భాష పునరుద్ధరణకు ఒక మండలిని ఏర్పరిచింది. లఫాయెట్‌లోని లూసియానా విశ్వవిద్యాలయం ఫ్రాంకోఫోన్ అధ్యయనాల్లో పీహెచ్‌డీ ఇస్తోంది. లూసియానా స్టేట్‌లో స్థానిక కేజున్ ఫ్రెంచ్ ఒక పాఠ్యాంశం. పారిస్ ఉచ్చారణ ఆదర్శంగా పెరిగిన అధ్యాపకవృత్తి ఒకప్పుడు పామరమని పక్కనపెట్టిన ఈ పలుకుబడికి అక్కడ ఇప్పుడు పరీక్షలు, క్రెడిట్లు, పరిశోధనలు ఉన్నాయి.